కాటా కదల్లేదని నడక మానకు తల్లీ

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. అపార్ట్‌మెంట్ జిమ్‌లో రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్ ఎక్కుతున్నావట. నెలన్నర దాటినా కాటా మీద కిలో కూడా తగ్గలేదట. ఇక మానేస్తానని కూర్చున్నావట. మానకు. ముందు ఆ మాట చెప్పి తర్వాత నాలుగు చీవాట్లు పెడతాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లల చేత ఏళ్ల తరబడి డ్రిల్లు చేయించిన నోరు ఇది, ఊరికే ఉండదు.

నడక మంచిదే. దానికి చేతకాని పని అప్పజెప్పి, చెయ్యలేదని అలిగావు. అదీ నీ చిక్కు.

లెక్క చూద్దాం. నీ బరువు డెబ్బై కిలోలకు అటూ ఇటూ అనుకో. గంటలో ఐదు కిలోమీటర్లు చురుగ్గా నడిస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేయగా, అదనంగా కరిగేది సుమారు 200 కిలోక్యాలరీలు. యంత్రం మీద ఇంకా పెద్ద అంకె కనిపిస్తుందంటావు. అది కూర్చుంటే అయ్యే ఖర్చును కూడా కలిపేసి చూపిస్తుంది. పైగా ముందున్న కడ్డీ పట్టుకుని వేలాడుతూ నడిస్తే ఆ సంగతి దానికేం తెలుసు? ఇటు చూస్తే, ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7,700 కిలోక్యాలరీల లోటు పడాలి. తిండి ఏమీ మార్చకుండా, ఒక్కరోజూ ఎగ్గొట్టకుండా నెలంతా నడిస్తే ముప్పాతిక కిలో తగ్గుతావు. అదీ కాగితం మీద.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, పార్కు గేటు బయట ఏం జరుగుతుందో రోజూ చూస్తూనే ఉన్నాను. లోపల చెమటలు కక్కుతూ నడిచినవాళ్లే బయట టిఫిన్ బండి చుట్టూ మూగుతారు. నడిచొచ్చాం కదా అని ఒక మసాలా దోసె, చట్నీ రెండోసారి, దాని మీద పంచదార దండిగా పడిన టీ. గంటసేపు ఖర్చుపెట్టింది పది నిమిషాల్లో వసూలై, కొంత బాకీ కూడా మిగులుతుంది. నువ్వు బండి దగ్గరకి వెళ్లవు సరే, సాయంత్రం సీరియల్ చూస్తూ జంతికల డబ్బా ముందు పెట్టుకుంటావని మీ అమ్మే చెప్పింది.

ఒళ్లు కూడా తక్కువ తిన్నదేం కాదమ్మా. పొద్దున గంట కష్టపెట్టావా, మిగతా రోజంతా పొదుపు మొదలుపెడుతుంది. నీకు తెలియకుండానే మెట్లు వదిలేసి లిఫ్టు ఎక్కుతావు, ఆకలి ఓ గరిటె ఎక్కువేస్తుంది, ఆదివారం మధ్యాహ్నం మంచం దిగవు. హెర్మన్ పాంట్జర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త టాంజానియాలో హాద్జా అనే వేటగాళ్ల తెగ దగ్గరకి వెళ్లి, వాళ్ల ఒంట్లో రోజుకి ఎంత శక్తి ఖర్చవుతోందో కొలిచి 2012లో ప్రచురించాడు. పొద్దస్తమానం దుంపలు తవ్వుతూ, వేట కోసం తిరుగుతూ ఉండేవాళ్లు కదా, కుర్చీల్లో కూర్చునే అమెరికన్ల కన్నా చాలా ఎక్కువ ఖర్చుపెడతారని ఎవరైనా అనుకుంటారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే ఇద్దరికీ దాదాపు ఒకటే తేలింది. తిరుగుడు పెరిగితే ఒళ్లు మరో పక్క ఖర్చులు తగ్గించుకుంటుందని ఆయన వాదన. ఆ వాదన మీద శాస్త్రవేత్తల్లో ఇంకా తర్జనభర్జనలు నడుస్తున్నాయిలే. మనకి కావలసినంత మాత్రం అందులో ఉంది. కేవలం నడిచి సన్నబడదామనుకున్నవాళ్లలో ఎక్కువమంది నిరాశపడతారు.

కాబట్టి బరువు తగ్గించే పని కంచానికి అప్పజెప్పు. అన్నం మానేయమని నేననను. అన్నం తినని రోజు మన ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు. కానీ మన కంచం చూడు, మధ్యలో అన్నం గుట్ట, అంచున ఆవగింజంత కూర. దాన్ని తిరగెయ్యి. కూర గుట్టగా వేసుకో, పప్పు గట్టిగా చేసుకో, గుడ్డో చేపో పెరుగో ప్రతి పూటా ఏదో ఒకటి ఉండేలా చూసుకో. శనగలు, అలసందలు ఉడకబెట్టుకుంటే సాయంత్రం జంతికల మీదకి చెయ్యి పోదు. టీలో పంచదార సగానికి దించు. ఇంతకు మించి ఆహార శాస్త్రం నాకు రాదు, నీకూ అక్కర్లేదు.

మరైతే నడక దేనికంటావా? అసలు విషయం ఇక్కడే ఉంది. మీ నాన్న ఆర్టీసీలో చేశాడు కాబట్టి ఈ సంగతి నీకు నచ్చుతుంది.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక లండన్‌లో గుండెపోట్లు ఎక్కువైపోయాయి, కారణం ఎవరికీ అంతుపట్టలేదు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు సిటీ బస్సుల ఉద్యోగుల రికార్డులు తిరగేశాడు. అక్కడివి డబుల్ డెక్కర్లు, మన హైదరాబాద్‌లో ఒకప్పుడు తిరిగినవాటి లాంటివి. డ్రైవరు షిఫ్టంతా సీట్లోనే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కింది అంతస్తుకీ పై అంతస్తుకీ రోజుకి వందలకొద్దీ మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే డిపో, ఒకే రకం జీవితం, కాస్త అటూ ఇటూగా ఒకే జీతం. అయినా డ్రైవర్ల కంటే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ, వచ్చినా డ్రైవర్లంత తొందరగా ప్రాణం మీదకి రావడం లేదు. 1953లో ఆ సంగతి ‘లాన్సెట్’ పత్రికలో వేశాడు.

వెంటనే పెద్దమనుషులు అడ్డం పడ్డారు. లావుపాటివాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో, అసలు తేడా పొట్టలోనే ఉందేమో అన్నారు. మోరిస్ ఊరుకోలేదు. కంపెనీ కుట్టించి ఇచ్చిన యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించాడు. నిజమే, డ్రైవర్ల నడుములు పెద్దవే. అయితే సన్నటి డ్రైవరుని సన్నటి కండక్టరుతో, బొజ్జ డ్రైవరుని బొజ్జ కండక్టరుతో పోల్చి చూసినా, ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోవడం డ్రైవర్లలోనే ఎక్కువ కనబడింది. బొజ్జ ఉన్నా మెట్లెక్కే కండక్టరు గుండె గట్టిగా ఉంది! ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకుంటే చాలు, కాటా చూసి ఏడవడం మానేస్తావు. ఈ నెలన్నరలో బరువు తగ్గలేదు గానీ, నీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటోంది, కండరాలు రక్తంలోని చక్కెరని బాగా వాడుకుంటున్నాయి, రక్తపోటు ఓ మెట్టు దిగుతోంది. వాటిలో ఒక్కటీ కాటా మీద కనిపించదు.

మనవాళ్లకి ఇంకో గొడవ కూడా ఉంది. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే ఒళ్లు మనది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో ‘లాన్సెట్’లో తమ ఫొటో వేయించుకున్నారు. ఇద్దరికీ ఎత్తుకి తగ్గ బరువు సూచిక 22.3, అచ్చంగా ఒకటే. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండు ఆయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. ఆ కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరినప్పుడే షుగరు తలుపు తడుతుంది. ఈ లోపలి కొవ్వు మీద నడక, పరుగు, సైకిలు, ఈత లాంటివి బాగా పనిచేస్తాయి. బరువు పెద్దగా మారకపోయినా అది తగ్గుతుంది. అందుకే కాటాని అటక మీద పడేసి, కుట్టుమిషను పెట్టెలోంచి టేపు తియ్యి. పక్కటెముకల కింది అంచుకీ తుంటి ఎముకకీ నడిమధ్య, పొట్ట బిగపట్టకుండా నెలకోసారి కొలుచుకో. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడాలి.

బరువు విషయంలో నడక చేసే ఉపకారం ఒకటుంది గానీ, అది తర్వాత కనిపిస్తుంది. అమెరికాలో 1994 నుంచి ఒక జాబితా నడుపుతున్నారు. కనీసం పదమూడున్నర కిలోలు తగ్గి, ఏడాదికి పైగా మళ్లీ పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్లకే అందులో చోటు. వాళ్లలో ఎక్కువమంది రోజుకి సుమారు గంటసేపు ఒళ్లు కదిలిస్తారు, ఎక్కువగా నడకే. తగ్గించేది కంచం, తగ్గినదాన్ని కాపలా కాసేది నడక. ఇవాళ అలవాటు మానేస్తే రేపు నువ్వు తగ్గినప్పుడు కాపలా ఎవరు?

ఇక చెమట. మీ జిమ్‌లో ఎవరో ప్లాస్టిక్ బెల్టు పొట్టకి చుట్టుకుని నడుస్తున్నారని నువ్వూ కొనబోయావట. చెమటలో పోయేది నీళ్లు, గ్లాసుడు మజ్జిగ తాగితే తిరిగొస్తుంది. కరిగిన కొవ్వు ఎటు పోతుందో తెలుసా? ముక్కులోంచి. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో పోతుందనీ, మిగతా 1.6 కిలోలు నీరవుతుందనీ ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్లు 2014లో లెక్కగట్టి చెప్పారు. కాబట్టి బెల్టు డబ్బులతో మంచి బూట్లు కొనుక్కో. యంత్రం మీద ‘కొవ్వు కరిగే వేగం’ అని ఓ మీట ఉంటుంది, దాన్నీ పట్టించుకోకు. మెల్లగా నడిచినప్పుడు అయ్యే ఖర్చులో కొవ్వు వాటా ఎక్కువే గానీ అసలు ఖర్చే తక్కువ. ఇక పదివేల అడుగులంటావా, అది 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోడానికి పెట్టిన అంకె. డాక్టర్లు కనిపెట్టింది కాదు.

నీతో నాకున్న పెద్ద పేచీ ఇంకోటి. బరువులు ముట్టుకోవట. కండలొచ్చి మగరాయుడిలా అయిపోతావట! తల్లీ, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు లేపి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ ఒళ్లు కోసం ఆమె ఎన్నేళ్లు చెమటోడ్చిందో! వారానికి రెండుసార్లు ఐదు కిలోల డంబెల్ లేపితే అలాంటి కండలు వచ్చేస్తాయనుకోవడం ఆమెకి అవమానం. తిండి తగ్గించి ఊరికే నడిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. కాటా సంతోషిస్తుంది, నలభై దాటాక మోకాళ్లు ఏడుస్తాయి. మా కాలంలో తప్పు చేసిన పిల్లలకి గుంజీలు శిక్షగా వేసేవారు. నాకది ఎప్పుడూ నచ్చలేదు, అంత మంచి వ్యాయామానికి చెడ్డపేరు తెచ్చారు. గుంజీలు తియ్యి. గోడకి చేతులాన్చి దండీలు తియ్యి, అలవాటయ్యాక నేల మీదకి దిగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా ఇదే. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి వేగంతో ఒళ్లు కదపాలి, రెండు రోజులు కండరాలకి పని చెప్పాలి. మొదటిది నువ్వు చేస్తూనే ఉన్నావు. రోజుకో గంట కాస్తా ముప్పావు గంట చేసుకుని, మిగిలింది గుంజీలకివ్వు.

వేగం సంగతి చాలా తేలిక. నడుస్తూ పక్కన ఉన్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా కూనిరాగాలు తీస్తున్నావంటే అడుగు పెంచు. అది సులువైపోయిన రోజున ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా మార్చి మార్చి నడువు. పొద్దున గంట నడిచి, తర్వాత పది గంటలు లాప్‌టాప్ ముందు శిలలా కూర్చోకు. ఆఫీసు ఫోన్లన్నీ నిలబడో తిరుగుతూనో మాట్లాడు. ఇంకో మాట, భోజనం కాగానే పది పదిహేను నిమిషాలు మెల్లగా తిరిగితే రక్తంలో చక్కెర ఎగబాకడం బాగా తగ్గుతుంది. మన వంశంలో షుగరు లేని ఇల్లు లేదు, అది నీకు నేను చెప్పాలా?

నీ ఒంటి బలం కొలుచుకోవాలంటే ఏటా తిరుమల వెళ్తారు కదా, అలిపిరి 3,550 మెట్లు చూసుకో. గాలిగోపురం చేరేసరికి నిరుడు ఎన్నిచోట్ల కూలబడ్డావో, ఈ ఏడు ఎన్నిచోట్ల ఆగావో. లేదా పొద్దున్నే మంచం మీద ఉండగానే నాడి పట్టుకుని నిమిషానికి ఎన్ని కొట్టుకుంటోందో రాసుకో. నడక ఒంటబట్టేకొద్దీ ఆ అంకె దిగుతుంది.

కానీ నెలన్నరకి కాటా అసలు కదలకపోవడం, దానికితోడు నీరసంగా ఉంటోందనడం వింటే నాకొక అనుమానం. ఈ వారంలోనే డాక్టరు దగ్గరకెళ్లి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకో. నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా, అడుగు ముందుకేయకుండా అక్కడే ఆగిపో, మొండికెయ్యకు.

మిగతాది సోమవారం మొదలుపెడతాననకు. ఈ రాత్రే అన్నం తిన్నాక మీ ఆయన్ని సోఫాలోంచి లేపి, ఇద్దరూ కలిసి అపార్ట్‌మెంట్ చుట్టూ పావుగంట తిరిగి రండి. పొద్దస్తమానం కుర్చీ వదలని ఆయన కూడా డ్రైవరు కిందే లెక్క.

మీ పెద్దమ్మ