నారు పోసినవాని ఋణము

"నారు పోసినవాడు నీరు పోయడా?" అని మన పెద్దలందురు. కష్టకాలమున నిరాశ చెందినవానికి ఊరట కలిగించుటకు ఈ సామెతను చెప్పుట పరిపాటి. ప్రాణమిచ్చిన దైవము పోషణభారమును కూడ వహించునని దాని తాత్పర్యము. అయితే ఇందులో ఓదార్పుతోపాటు ఒక ధర్మము కూడ ఇమిడియున్నదని మాకు తోచుచున్నది. నారు పోయువాడు దైవమొక్కడే కాడు, మనమును పోయుచుందుము. అప్పుడు నీరు పోయవలసిన బాధ్యత ఎవరిది? ముంబయి నగరమున, కామాఠీపురపు సందులలోను, వర్లీ చాళ్లలోను, చారెడు మట్టిలో నాలుగు గింజలు నాటుకొను తెలుగు కుటుంబములను చూచునప్పుడు ఈ ప్రశ్న మరింత స్పష్టమగును.

కామాఠీపురమనగానే లోకమునకు స్ఫురించునది వేరు. కాని ఆ పేరు కాయకష్టము చేసి బ్రతికిన కామాఠీలవలన వచ్చినది. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డ్ అను కట్టను నిర్మించి, మహాలక్ష్మి చెంతనున్న సముద్రపు గండిని పూడ్చిన పిదప ఈ పల్లపు నేల క్రమముగా నివాసయోగ్యమైనది. సుమారు 1795 నుండి కామాఠీలు ఇచట స్థిరపడసాగిరి. వారిలో తెలంగాణమునుండి వచ్చిన మనవారు అనేకులు. నగరమునకు మేడలు కట్టిన చేతులవి. అటుపిమ్మట బట్టలమిల్లులు వెలసినవి. పద్మశాలీలు వచ్చి వర్లీ, పరేలు ప్రాంతములందు కాపురములు పెట్టిరి. ఆ బ్రతుకెంత ఇరుకైనదో తెలియవలెనన్నచో, వర్లీలో 1920లలో కట్టిన బి.డి.డి. చాళ్లను చూచిన చాలును. అందు ఒక్కొక్క గది వైశాల్యము 160 చదరపు అడుగులు. నగరమునకు పునాదులు తీసినవారికి తులసిమొక్క నాటుకొనుటకు జానెడు నేల మిగులలేదు. కావున వారి తోట గదిలోనే, కిటికీ ప్రక్కన, మొలకెత్తవలసి వచ్చినది.

శీతలదేశములవారు మంచునకు వెరచి విత్తనములను ఇంటిలోపల మొలిపింతురు. ముంబయిలో ఆ భయము లేదు. ఇచటి భయము వానది, ఎలుకలది, పావురములది. జూన్ 8 ప్రాంతమున మృగశిరకార్తె ప్రవేశించును. సామాన్యముగా జూన్ 11 నాటికి ఋతుపవనము ముంబయి చేరును. ఏటా 2000 మిల్లీమీటర్లకు మించి కురియు ఆ వాన, తోటకూర విత్తనమువంటి సన్నని గింజను మట్టితో సహా కొట్టుకొనిపోవును. అందుచేత రోహిణికార్తెలోనే గదిలో నారు పోసికొనుట తెలివి.

దీనికి ధనముతో పెద్దగా పనిలేదు. కొబ్బరిచిప్ప, పాత నూనెడబ్బా, పాల ప్యాకెట్టు - ఏదైనను అడుగున రంధ్రము చేసిన చాలును. కొంచెము మట్టి, కొంచెము కొబ్బరిపొట్టు, బాగుగా మగ్గిన కూరగాయ తొక్కల ఎరువు కలిపిన నారుమడి సిద్ధమగును. ధనియాలు, మెంతులు, ఆవాలు వంటయింటి డబ్బాలలోనే యున్నవి. ఎండుమిరపకాయ దులిపిన గింజలు, ముగ్గిన టమాటలోని గింజలు కూడ మొలచును. ధనియమును నలిపి రెండు బద్దలుగా చేసి నాటవలెను. గింజ యెంత లావో అంతకు రెండింతల లోతు చాలును. మెంతులు మూడు నాలుగు దినములకు, టమాట వారము దినములకు, మిరప పది పండ్రెండు దినములకు తలయెత్తును. విత్తనము పాతదైనచో పది గింజలను తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలకెత్తినవో లెక్కించిన, ఎన్ని చల్లవలెనో తేలును.

పిదప రెండు గండములు కలవు. వెలుతురు చాలని నారు సన్నగా సాగి కిటికీవైపు వంగును; డబ్బాను దినదినము త్రిప్పుచుండవలెను. నీరు మితిమీరిన నారుకుళ్లు తెగులు సోకి మొలకలు మొదట విరిగి పడిపోవును. మరచిపోయినవాడు నారును ఎండగట్టును. మురిపెముతో గ్రుమ్మరించినవాడు కుళ్లబెట్టును. ఫలితము ఒక్కటే. నీరు పోయుటయన్న మనకు తోచినప్పుడు పోయుట కాదు, మొక్క అవసరమెరిగి పోయుట.

అసలు చిక్కు ఇచటనే కలదు. విత్తనము చవుక. చిటికెడు వంగవిత్తనమునకు నలువది మొక్కలు లేచును. వసారా కటకటాల చెంత రెండు కుండీలకే చోటు. మిగిలినవాని గతియేమి? ఆకుకూరలైన బాధ లేదు. పీకిన మెంతినారు పప్పులో పడును. వేళ్లతో సహా చిన్నచిన్న కట్టలుగా ముంబయి బజారులో అమ్మెడు సముద్ర మేథీ అట్టి లేతమొలకయే. కాని వంగ, టమాట ఆకులు వంటకు రావు. జాలిచే అన్నిటిని ఒకే డబ్బాలో నిలిపినచో ఒక్కటియు కాయదు. ఇరుగుపొరుగులకు పంచుట మేలుగదా యందురు. నిజమే. కాని నారు నిచ్చుటయన్న నీటిభారమును కూడ అప్పగించుటయే. కుళాయి నీరు వేళకు మాత్రమే వచ్చు చాళ్లలో ఒక్క చెంబు నీరును లెక్కకు వచ్చును. కావున అడిగి యీయవలెను. పుచ్చుకొనువానికి చోటును, ఓపికయు గలవా యని విచారింపవలెను. వివాహములందు అంకురార్పణము చేసి, పాలికలలో నవధాన్యములు మొలిపించి, కార్యము ముగిసిన పిదప నీట విడుచుట మన ఆచారము. అచట మొలక సాక్షి మాత్రమే. నూనెడబ్బాలో మొలచినది అట్లు కాదు. అది రేపటి నీటిని కోరు ప్రాణి.

ఈ న్యాయము మొక్కలతో ముగియదు. వలస వచ్చినవారిని వేరుచోట నాటిన నారుతో పోల్చుట సభలలో వాడుక. ఇంపైన పోలికయే. కాని నారు తనంత తాను నడచి రాదు; పెరికి తెచ్చిన చేయి యొకటి యుండును. పని కలదని పిలిచిన నగరమున, 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికుల సమ్మె ప్రారంభమైనది. తరువాతి కాలమున మిల్లులనేకము మూతపడినవి. మన నేతగాండ్ర కుటుంబములెన్నియో దిక్కుతోచక నిలిచినవి. నాటిన చేయి నీటివేళకు కానరాలేదు. ఆ తప్పు నగరమున కొక్కదానికే అంటగట్టి మనము తప్పించుకొనరాదు. ఉగాదినాడు పిల్లలకు తెలుగు తరగతి ప్రారంభించి దసరానాటికి తలుపు మూసిన సంఘమును నారు పోసినదే, నీరు పోయలేదు.

అట్లయిన పేదవాడు ఏదియు ప్రారంభింపరాదా యని ఎవరైన అడుగవచ్చును. ప్రారంభింపవలెను, రెండు చిప్పలతోనైన ప్రారంభింపవలెను. పొదుపనగా తక్కువ వెచ్చించుట మాత్రమే కాదు. పోయగల నీటికి మించి నారు పోయకుండుట. నలువది మొలకలను మొలిపించి ఎండగట్టుటకంటె, రెండింటిని కాపునకు తెచ్చుట ఘనము. నారు పోసినవాడు నీరు పోయడా యని ఆకాశమువైపు చూచుటకు ముందు, మన చేతిలోని చెంబువైపు ఒక్కసారి చూచుకొందము.