మనసు కుంగితే కర్మ అనకండి



మన పేటల్లో ఒక మనిషి వారాల తరబడి తినకుండా, నిద్రపోకుండా, పలకరిస్తే పలక్కుండా మూల కూర్చుంటే చుట్టుపక్కలవాళ్ళు ఏమంటారో మనకు తెలుసు. గాలి సోకిందంటారు. ఎవరో ఏదో చేయించారంటారు. లేకపోతే పోయిన జన్మలో చేసుకున్నది అనుభవించాలంటారు. గోడమీద బాబాసాహెబ్ ఫోటో, దాని పక్కనే బుద్ధుడి బొమ్మ ఉన్న ఇంట్లో కూడా పిల్ల మెడలో తాయెత్తు కనబడుతుంది. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళం కదా, ఈ మాట ఎలా ఒప్పుకుంటున్నాం?

ఈ ప్రశ్న తిన్నగా బుద్ధుణ్ణే అడిగినవాడు ఒకడున్నాడు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు. రాజగృహం వేణువనంలో జరిగిన ఆ సంభాషణ సంయుత్త నికాయంలో ఉంది. మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరు చెబుతున్నారు, మీరేమంటారని అడిగాడు. భగవానుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడటం, ఋతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, ఇతరులు చేసే దాడి. ఎనిమిదోది కర్మ. అంతా పూర్వకర్మే అనేవాళ్ళది తప్పని స్పష్టంగా చెప్పాడు. ఇక పూర్వజన్మ కర్మ సిద్ధాంతం పేదవాడి దుఃఖానికి సమాజాన్ని బాధ్యత నుంచి తప్పిస్తుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం' గ్రంథంలో ఎంత గట్టిగా కాదన్నారో చదివినవాళ్ళకు తెలుసు.

ఆ జాబితాను ఈ రోజు మన ఇళ్ళకు తెచ్చి చూడండి. ఒంట్లో కారణాలున్నాయి. థైరాయిడ్ తగ్గినా, బి12 తక్కువైనా మనిషి దిగాలు పడతాడు. కాన్పు తర్వాత తల్లికి రావచ్చు. దాన్ని బద్ధకం అంటారు మన అత్తగార్లు! కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనబడుతుంది. తాగుడు మరో కారణం. బాధ మరిచిపోదామని తాగితే ఆ తాగుడే బాధను పెంచుతుంది, ఐదో శీలం ఊరికే పెట్టలేదు. అప్పు, ఉద్యోగం పోవడం, ఇంట్లో చావు, మొగుడి దెబ్బలు సరేసరి.

అన్నిటికన్నా నేను నిలబెట్టి చెప్పదలిచింది ఏడోది, ఇతరుల దాడి. కర్రతో కొడితేనే దాడా? హాస్టల్లో ర్యాంకు అడిగి కేటగిరీ తెలుసుకుని నవ్వడం, ఆఫీసులో టీ గ్లాసు వేరుగా పెట్టడం, అద్దెకు ఇల్లడిగితే ఇంటిపేరు అడగడం, ఇవి రోజూ తగులుతుంటే మనసు కుంగదా? కొలంబియాలో చదివొచ్చిన బాబాసాహెబ్‌ను 1917లో బరోడాలో పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి గెంటేశారు. రాత్రి రైలు దాకా ఆయన కామాఠీబాగ్ తోటలో కూర్చున్నారు. అది ఆయన బలహీనత అని ఎవరైనా అంటారా? మరి మన పిల్లవాడు కుంగిపోతే ధైర్యం లేదంటామెందుకు?

మనలోనే ఇంకో మాట వినిపిస్తోంది, ధ్యానం చెయ్యి, అంతా పోతుందని. ఆనాపానసతి మంచిదే. కానీ మంచం దిగలేని మనిషిని పది రోజుల మౌనంలోకి తోయకండి. విపశ్యన శిబిరాల దరఖాస్తులోనే మానసిక జబ్బుల గురించి అడుగుతారు. డాక్టరు మందు రాస్తే అది పని చూపడానికి రెండు మూడు వారాలు పైనే పడుతుంది, నాలుగు రోజులకే లాభం లేదని మానకూడదు, కాస్త తేలికపడగానే సొంతంగా ఆపకూడదు. బుద్ధుడికీ జీవకుడనే వైద్యుడు ఉన్నాడు.

భర్త, ఇద్దరు బిడ్డలు, అమ్మానాన్నలు, తమ్ముడు వరసగా పోయి మతి చెదిరి, ఒంటిమీద బట్ట లేకుండా జేతవనానికొచ్చిన పటాచార కథ మీరు విన్నదే. జనం తరిమేయబోతే రానివ్వమన్నాడు బుద్ధుడు. ఒకరు పైబట్ట ఇచ్చారు. ధర్మబోధ ఆ తర్వాతే. వినయంలో అగ్రగణ్యురాలైన భిక్షుణి అయింది ఆమె.

ఈ ఆదివారం వందనకు రాకుండా ఆగిపోయినవాళ్ళెవరో లెక్క చూడండి. ఇద్దరు కలిసి ఇంటికి వెళ్ళండి, సూక్తులు చెప్పకుండా కూర్చోండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తోడు వెళ్ళండి. చచ్చిపోవాలనుంది అనే మాట నోట వస్తే ఒంటరిగా వదలొద్దు, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. విహారం గోడమీద ఆ నంబరు పెద్దక్షరాలతో రాయించండి.