బేరమున సమ్మతియు న్యాయమును

ఇద్దరు మనుష్యులు ఇష్టపూర్వకముగ బేరము చేసికొనిరి. కొంతకాలమునకు వారిలో నొకడు మిక్కిలి లాభమును, రెండవవాడు మిక్కిలి నష్టమును పొందినట్లు తేలినది. నష్టపడినవాడు వగచుట సహజము. అయితే ఆ వగపు బేరము అన్యాయమైనదని ఋజువు చేయునా? లేక ఇద్దరును ఒప్పుకొనిరి గావున అందు అన్యాయమునకు తావే లేదందుమా? ఈ ప్రశ్న తార్కికుల వినోదమునకై పుట్టినది కాదు. హైదరాబాదు నుండి బీజాపురము పోవు మార్గమున మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములలో ఎన్నియో కుటుంబములకు ఇది ఇంటిలోని ప్రశ్న.

ఆ ప్రాంతము కూరగాయలకును పూలకును పేరుపడినది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన పిదప, నగరరక్షణమునకును మంచినీటికిని 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును నిర్మించిరి. ఈ జలాశయముల నీరు చెడకుండుటకై ప్రభుత్వము 1996 మార్చి 8వ తేదీన 111వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించి, 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాసపు కాలనీలను నిషేధించెను. మొయినాబాదు మండలమున పెక్కు గ్రామములును, చేవెళ్ల మండలమున కొన్నియు ఆ 84లో చేరినవి. నగరము నాలుగు దిక్కుల పెరుగుచుండగా ఇక్కడి నేల సేద్యపు నేలగనే నిలువవలసి వచ్చెను. ధరయు తదనుగుణముగ అణగియుండెను. 2022 ఏప్రిల్ 12వ తేదీన 69వ ఉత్తరువుచే ప్రభుత్వమా నిర్బంధములను తొలగింప బూనెను.

ఈ నడిమి 26 సంవత్సరములలో బోరు ఎండియో, అప్పు పెరిగియో, కూతురి పెండ్లి తలపెట్టియో నేల నమ్ముకొన్నవారు కలరు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యన్న సామెత వారికి అనుభవమునకు వచ్చినది. ఎకరముల లెక్కన తాము అమ్మిన నేల గజముల లెక్కన చేతులు మారుట చూచినవాని మనస్సెట్లుండును? తాత దున్నిన చేనికి ప్రహరీగోడ లేచి, దాని గేటుకడ తానే కావలి కాయవలసి వచ్చిన యెడల ఆ దుఃఖమును వేరుగ వర్ణింప నక్కరలేదు.

అయినను దుఃఖము వేరు, అన్యాయము వేరు. అమెరికాదేశమున బేసుబాలను బంతియాట కలదు. అందు జట్ల యజమానులు ఆటగాండ్రను కొనుటయు, అమ్ముటయు, మార్చుకొనుటయు వాడుక. 1919 డిసెంబరులో బోస్టను జట్టు యజమాని బేబ్ రూత్ అను ఆటగానిని లక్ష డాలర్లకు న్యూయార్కు యాంకీలకు విక్రయించెను. 1918లో జగజ్జేతయైన బోస్టను జట్టునకు మరల ఆ గౌరవము 2004 వరకు దక్కలేదు. ఆ జట్టు నభిమానించువారు తరతరములు వగచిరి. కాని కొన్నవాడు అమ్మినవానికి అన్యాయము చేసెనని చెప్పజాలము. ఇరువురును ఆ వ్యాపారమున ఆరితేరినవారు. రూత్ శక్తి ఆ యేడే లోకమునకు వెల్లడియైనది. రాబోవు కాలమో, ఇరువురికిని సమానముగ చీకటి. అట్టి బేరమున కలిగిన నష్టము దురదృష్టమే గాని అన్యాయము కాదు.

ఆ చీకటి ఒకరికే యైనపుడు విషయము మారును. రోమనుదేశపు పండితుడైన సిసిరో ఒక సమస్యను చర్చించెను. రోడ్సు ద్వీపమున కరవు. అలెగ్జాండ్రియా నుండి ధాన్యపు నావతో నొక వర్తకుడు వచ్చెను. వెనుక మరికొన్ని నావలు వచ్చుచున్నవని అతనికి తెలియును, ప్రజలకు తెలియదు. అతడా సంగతి చెప్పవలెనా, ఊరకుండి హెచ్చుధర కమ్ముకొనవచ్చునా? వస్తువునందలి లోపమును దాచకున్న చాలునని డయోజనీసు వాదించెను. కొనువానికి తెలియని దేదియు దాచరాదని ఆంటిపేటరు వాదించెను. సిసిరో రెండవవాని పక్షమునే నిలిచెను.

మన చట్టము మధ్యమార్గమున నున్నది. ప్రతిఫలము తక్కువైనంతమాత్రమున ఒప్పందము చెల్లకపోదని 1872 నాటి ఒడంబడికల చట్టము చెప్పును. అయితే సమ్మతి స్వేచ్ఛగ నిచ్చినదా యని విచారించునపుడు ఆ కొరతను న్యాయస్థానము గమనింపవచ్చును. అమ్మువానికి ఆస్తియందుగల హక్కు విలువను హెచ్చించు సంగతి తనకు మాత్రమే తెలిసినచో కొనువాడు దానిని చెప్పి తీరవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము విధించును. కాని అది హక్కుయొక్క స్వభావమును, పరిమితిని గూర్చిన మాట. రేపు రాబోవు రోడ్డును గూర్చినది కాదు. చట్టము నిలిచిన చోటనే ధర్మమును నిలువవలెనా?

శ్రమపడి సంగతులు తెలిసికొన్నవాడు ఆ శ్రమఫలము ననుభవింపరాదా యని కొందరు ప్రశ్నింతురు. అనుభవింపవచ్చును. పది ఊళ్లు తిరిగి, నేలను పరీక్షించి, ధరలను పోల్చుకొన్నవాని తెలివి అతని సొత్తే. కాని కచేరీలోని చుట్టరికము వలన రాబోవు ఉత్తరువును ముందుగ విని, అప్పులవాని వాకిట బయానాతో నిలుచుట శ్రమ యెట్లగును? ఈ నిర్బంధమెన్నటికిని తొలగదని దళారిచేత చెప్పించుట శ్రమ యెట్లగును? కొనువాడు తన్ను తానొక్క ప్రశ్న వేసికొనిన చాలును: నాకు తెలిసినదంతయు ఇతనికి చెప్పినచో ఇతడీ ధరకు అమ్మునా? అమ్మునని నిజముగ తోచిన ఆ బేరము న్యాయమైనది. అమ్మడని తోచిన యెడల, అతడిచ్చినది సమ్మతి కాదు, అజ్ఞానము మాత్రమే.

ఈ దోషము పరులయందే వెదకుట చాలదు. మన యిండ్లలో బయానా పుచ్చుకొను దినమున స్త్రీలను సంప్రదించువారెందరు? ఆంధ్రప్రదేశ్ సవరణచట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు నిచ్చెను. 2005 నాటి కేంద్ర సవరణము వివాహితలకును దానిని విస్తరింపజేసెను. అయినను సంతకము కావలసినపుడు మాత్రమే ఆడపడుచును పిలిచి, ధరయేమో, భాగమేమో చెప్పక కాగితము చూపించు ఇండ్లు కలవు. పట్టణపు ధనికుడు రైతునకు చేసిన పనినే రైతు తోబుట్టువునకు చేసినచో అతని వగపునకు బలమెక్కడిది?

నగరమును సయిత మీ ప్రశ్న విడువదు. జలాశయములను కాపాడుట ముమ్మాటికిని మంచిపనియే. కాని లక్షలమంది త్రాగు నీటికై 84 గ్రామముల నేలధర అణగియుండగా ఆ భారమును అందరును పంచుకొనవలదా? గ్రామము విడిచినదెంతయో, నగరము పొందినదెంతయో తూచి చూచినవారు లేరు. నిర్బంధము సడలిన నాటి లాభమైనను నేలను నిలుపుకొన్నవానికి, కొన్నవానికి చేరును గాని, ఆ భారమును మోయలేక అమ్ముకొన్నవానికి చేరదు.

కావున బేరమున ఎవరు లాభపడిరని గాక, ఎవరికేమి తెలియునని ముందడుగవలెను. తెలిసినవాడు చెప్పవలెను, తెలియనివాడు ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టుకొని అడిగి తెలిసికొనవలెను. అట్లు చేసిన పిదప కూడ నష్టము రావచ్చును. అయినను ఆ నష్టమును మనుష్యుడు ధైర్యముతో భరింపగలడు; మోసపోయితినన్న బాధను అట్లు భరింపజాలడు.