ఉన్నచోటి మట్టితో వరస

అమెరికాలో మనవాళ్లు కట్టుకున్న గుళ్లకు ఆళ్లగడ్డ నుంచి విగ్రహాలు వెళ్తున్నాయి. ఆ విగ్రహాల కింద పద్మపీఠాన్ని ఒక్కసారి దగ్గరగా చూడండి. రేకు అంచు సన్నబడేచోట ఉలి దెబ్బ కాస్త గట్టిగా పడితే రేకు రాలిపోతుంది, భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. తామర రేకు ఎక్కడ వంపు తిరుగుతుందో తెలిసిన చెయ్యి చెక్కిన పీఠమది. రాయి సముద్రం దాటుతుంది సరే, దాని ముందు పెట్టే పచ్చి ఆకు ఉన్న ఊళ్లోనే మొలవాలి. విలువలు నేర్పడమంటే పిల్లలకు ఆ ఆకును చూపించడం కూడా అని నా వాదన.

ఆళ్లగడ్డకు దగ్గర్లోని అహోబిలంలో నల్లమల చెంచులు నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడంటారు. సంక్రాంతి దాటగానే ఉత్సవమూర్తులు పారువేటకు బయల్దేరి 40 రోజులకు పైగా పల్లెల్లో తిరుగుతాయి. అడవి అందంగా ఉందని మెచ్చుకుని వచ్చేయడం వేరు, అడవితో వరస కలుపుకోవడం వేరు. వరస కలిశాక మంచీచెడ్డా చూడాలి. వినాయక చవితి 21 రకాల పత్రిలోనూ ఈ వరసే కనిపిస్తుంది. ఉత్తరేణి, జిల్లేడు, వాకుడు, గరిక: మన ఊళ్లలో ఇవి ఎవరూ నాటకుండానే మొలుస్తాయి, కాళ్ల దగ్గర చూసుకుంటూ నడిచేవాడికే దొరుకుతాయి. టెక్సాస్ ఇళ్ల ముందు బెర్ముడా గడ్డి పేరుతో పెరిగేది మన గరికే. దాన్ని దాటుకుంటూ వెళ్లి దుకాణంలో పత్రి ప్యాకెట్ కొంటున్నాం.

చలిదేశంలో ఏం పెరుగుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తులసి మంచుకు తట్టుకోదు, చలికాలం కిటికీ పక్కకు చేర్చాల్సిందే. కరివేపాకుది మరో రకం ఇబ్బంది: అది నిమ్మ కుటుంబపు మొక్క, నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దానిమీదా బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియా, ఫ్లోరిడా లాంటి చోట్ల ఆ మొక్కను తరలించడంపై ఆంక్షలున్నాయి. ఆ ఆంక్షలను పాటించడం కూడా వరసలో భాగమే, పక్కవాడి నారింజతోట బాగోగులు మనకూ పట్టాలి కదా. మన మొక్క బతకనిచోట అక్కడి మేపుల్‌తో చుట్టరికం కలుపుకోవచ్చు. పిల్లవాణ్ణి ఆకు ముందు పెట్టుకుని బొమ్మ వేయమంటే, ఈనె ఎక్కడ చీలుతుందో తప్పకుండా చూస్తాడు. ఎంత ఉపన్యాసం చెప్పినా ఆ చూపు రాదు.

సొంతూళ్లో ఉన్నవాళ్లకు ఇది సహజంగా అబ్బుతుందనుకోవడమూ పొరపాటే. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడక్కడ ఆ పిట్ట కంటపడటమే గగనం. ఊరు దగ్గరైనంత మాత్రాన చుట్టరికం నిలవదు.

వచ్చే చవితికి మందు చల్లని చోట గరిక వెతికి, పిల్లల చేతే కోయించండి. పత్రిలోని ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపూరితాలు, వాటిని మాత్రం పెద్దలే కోయాలి.