ఆ సీసాలు పక్కన పెట్టరా నానీ

నానీ, జిమ్‌లో ఎవరో చెబితే ఇమ్యూనిటీ పెరగడానికి పెప్టైడ్ ఇంజెక్షన్లు ఆన్‌లైన్‌లో తెప్పించావటగా. మీ అమ్మ ఫోన్ చేసింది. తిట్టనులే. మందుల షాపులోనే జుట్టు నెరిసినవాణ్ణి, పెదనాన్న మాట కాస్త విను.

నువ్వు తెప్పించిన థైమోసిన్ ఆల్ఫా-1 ఉత్తుత్తి మందేం కాదు. రొమ్మెముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. రోగాలతో పోరాడే టి-కణాలు తర్ఫీదు పొందేది అక్కడే. వయసు మీదపడేకొద్దీ అది కుంచించుకుపోతుంది. దూడల థైమస్ నుంచి తీసిన ఈ పెప్టైడ్‌లో 28 అమైనో ఆమ్లాలు ఉన్నాయని 1977లో అలన్ గోల్డ్‌స్టీన్ బృందం తేల్చింది. ఇప్పుడు ల్యాబుల్లోనే తయారుచేస్తున్నారు. చైనాతో పాటు చాలా దేశాల్లో హెపటైటిస్-బి రోగులకు డాక్టర్లు రాస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ మాత్రం అనుమతి ఇవ్వలేదు.

అన్నిచోట్లా పనిచేస్తుందనీ కాదు. సెప్సిస్‌తో ఆస్పత్రిలో చేరిన 1,106 మందిపై చైనాలో పెద్ద పరీక్ష చేశారు. ఫలితాలు 2025లో వచ్చాయి. 28 రోజుల్లో చనిపోయినవారు మందు తీసుకున్న వాళ్లలో 23.4 శాతం, తీసుకోని వాళ్లలో 24.1 శాతం. ఆ తేడా లెక్కలోకి రాదు. ఐసీయూలోనే అంతంతమాత్రమైతే, నెలకోసారి జలుబు చేసే నీకు ఏం ఒరగబెడుతుందో నువ్వే చెప్పు.

నన్ను భయపెట్టేది అసలు మందు కూడా కాదురా. నీ సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉందట. అంటే మనిషికి ఎక్కించడానికి చేసింది కాదని అమ్మినవాడే చేతులు దులుపుకున్నాడు. లోపల ఏముందో, క్రిములు లేకుండా నింపారో లేదో ఎవరు చూశారు? అసలు మందుని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. నీది మే నెల ఎండలో కొరియర్ వ్యాన్‌లో ఊరేగి వచ్చింది.

నీ స్నేహితుడు ఒకడు కిడ్నీ మార్పిడి చేయించుకున్నాడుగా, వాడికి మాత్రం పొరపాటున కూడా ఇవ్వకు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా అలాంటివాళ్ల ఇమ్యూనిటీని కావాలనే తగ్గించి ఉంచుతారు.

నైట్ షిఫ్టులు చేసి, నాలుగు గంటలు పడుకుని, ఇమ్యూనిటీ లేదంటే ఎలా? ముందు జనరల్ ఫిజీషియన్‌కు చూపించు. సీబీసీ, షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించు. సిగ్గుపడాల్సిందేం లేదు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో అమ్మని అడుగు. రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టు, ఆదివారం కూర్చుని చూద్దాం.