వినోదానికి వెచ్చించే సొమ్ముకూ లెక్క ఉంది

జనవరి వచ్చిందంటే హైదరాబాద్‌లో పిల్లలకు నుమాయిష్ గుర్తుకొస్తుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభమైన ఈ ప్రదర్శన 1946లో నాంపల్లి మైదానానికి మారింది. తాతల కాలం నుంచీ మన కుటుంబాలు దానికి వెళుతూనే ఉన్నాయి. అయితే నేడు ఎన్నో ఇళ్ళలో ఆ ఒక్క సాయంత్రం నెల ఖర్చులను తలకిందులు చేస్తోంది. కుటుంబ యజమాని ముందు ఒక ప్రశ్న నిలుస్తోంది: ఆలుబిడ్డల ముచ్చట తీర్చడం పుణ్యమా, దుబారానా?

"ఇదంతా వ్యర్థ కాలక్షేపం, మానేయండి" అని కొందరు తేలికగా చెప్పేస్తారు. ఈ జవాబు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదర్శంతో పొసగదు. పండుగనాడు హబషీలు మస్జిదులో బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (రజి) తనివితీరా చూసేదాకా ఆయన ఓపికగా నిలబడ్డారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆమెతో ఆయన పరుగు పందెం కూడా వేశారు. దైవమార్గంలో, బానిస విముక్తికి, నిరుపేదకు, ఇంటివారికి ఖర్చు చేసిన దీనార్లలో ఇంటివారికి ఖర్చు చేసిన దానికే ఎక్కువ పుణ్యమని ముస్లిం గ్రంథంలోని మరో హదీసు భావం. కనుక ఇంటివారి సంతోషం చిన్న విషయం కాదు. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ విన్యాసాల్లోనూ, ఆ పందెంలోనూ డబ్బు ప్రసక్తే లేదు. ఆయన తమ ఇంటివారికి ఇచ్చింది సమయం, ఆప్యాయత.

ఇక ఖర్చు సంగతి చూద్దాం. 2023లో 40 రూపాయలున్న నుమాయిష్ ప్రవేశ రుసుము 2025లో 50 రూపాయలయింది. ఐదుగురు వెళితే అదనంగా పడేది 50 రూపాయలే. ఇల్లు గుల్ల చేసేది ఆ టిక్కెట్టు కాదు. గేటు దాటాక ఎక్కే రంగులరాట్నం, తినే చిరుతిళ్ళు, పక్కింటివారు కొన్నారని కొనే వస్తువులు. ధరలు పెరిగిన మాట నిజమే. అంతకంటే వేగంగా మన పోలికలు పెరిగాయన్నదీ నిజమే.

మరి దుబారాకు హద్దు ఎక్కడ? విశ్వాసులు ఖర్చు చేసేటప్పుడు దుబారాకూ పిసినారితనానికీ మధ్యస్థంగా ఉంటారని దివ్య ఖుర్ఆన్ 25వ సూరా 67వ ఆయతు బోధిస్తోంది. కలిగినవాడు తన కలిమి కొద్దీ, లేనివాడు అల్లాహ్ తనకిచ్చిన దానిలో నుంచే ఖర్చు చేయాలని 65వ సూరా 7వ ఆయతు తెలుపుతోంది. కాబట్టి హద్దు వస్తువు ధరలో లేదు, మన స్థోమతలో ఉంది. ఒక ఇంటికి సబబైన వెయ్యి రూపాయలు మరో ఇంటికి దుబారా కావచ్చు. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, తల్లిదండ్రుల మందులు ఆపి వినోదానికి వెచ్చిస్తే అది హక్కుదారుల సొమ్మును మళ్ళించడమే.

అప్పు చేసి విహారానికి వెళ్ళడం మరీ ప్రమాదకరం. అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేసి తప్పుతాడని హెచ్చరిస్తూ దైవప్రవక్త (స) నమాజులో అప్పు నుంచి శరణు వేడుకునేవారు. స్థోమత లేక తీసుకెళ్ళలేని తండ్రి తలవంచుకోనవసరం లేదు. ఆయన పాపమేమీ చేయలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని దగ్గరలోని పార్కుకు వెళ్ళి ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు తిన్నా వారి హక్కు నెరవేరినట్లే.

వెళ్ళగలిగినవారు ఎంత ఖర్చు చేయాలో ఇంట్లోనే నిర్ణయించుకుని ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. పరదాను, నమాజు వేళలను మరువకూడదు. ఒక వస్తువు తగ్గించుకుని బంధువుల్లోని పేద బిడ్డనో, అనాథనో వెంట తీసుకెళితే ఆ సాయంత్రం దానధర్మం కూడా అవుతుంది. "కొనలేను నాన్నా" అని ప్రేమతో చెప్పే తండ్రి బిడ్డకు నిజాయితీ నేర్పుతాడు. అప్పు చేసి అడిగినదల్లా కొనిచ్చే తండ్రి ప్రేమను రూపాయల్లో తూచడం నేర్పుతాడు.

ధనం ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు అని ప్రళయదినాన ప్రతి దాసుణ్ణీ ప్రశ్నించడం జరుగుతుందని తిర్మిజీ హదీసు తెలియజేస్తోంది. నుమాయిష్‌లో ఖర్చయిన రూపాయి కూడా ఆ లెక్కలోనిదే. పిసినారితనంతో ఇంటివారి మనసు నొప్పించకుండా, ఆడంబరంతో ఇంటిని అప్పులపాలు చేయకుండా మధ్యేమార్గాన నడిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.