ఎద్దుకు సోమవారం ఉంది, ట్రాక్టర్‌కు లేదు



పోయిన వారం పెట్టిన చెక్కభజన వీడియో చూసి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనిది. "అన్నా, భజన అదిరిపోయింది. కానీ ఒక డౌట్. వీళ్ళంతా రైతులు అన్నారు, అనంతపురం కరువు అన్నారు, అప్పులు అన్నారు. మరి రాత్రి పదకొండు దాకా గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేసే తీరిక వీళ్ళకి ఎక్కడిది? నాకు వారానికి రెండు రోజులు సెలవు. అయినా గిటార్ ముట్టుకుని ఏడాది దాటింది."

ఎగతాళిగా అడగలేదు, నిజంగానే అడిగాడు. అయితే ఆ ప్రశ్న అడుగున ఇంకో ప్రశ్న ఉంది. అతను మర్యాద కొద్దీ దాన్ని అడగలేదు గానీ మనలో చాలామందికి వచ్చేదే: అప్పు ఉన్నవాడు భజనకు పోవచ్చా? ఆ టైమ్‌లో నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు కదా? దీనికి మెసేజ్‌లో రెండు లైన్ల జవాబు సరిపోదని ఇక్కడ రాస్తున్నాను.

ఆ వీడియో తీసింది మా మేనమామ వాళ్ళ ఊళ్ళో. రాయదుర్గం పక్కన, గుమ్మఘట్ట మండలం. ఇంకొంచెం పోతే కర్ణాటక. అందుకే అక్కడి మాటలో సగం కన్నడ వినిపిస్తుంది, భజనలో కూడా ఒక పాట తెలుగైతే ఇంకోటి కన్నడ. ఏడాది మొత్తానికి జిల్లాలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అది కూడా పైరుకు కావలసినప్పుడు పడుతుందన్న నమ్మకం లేదు. మండలంలో వేదవతి నది మీద భైరవానితిప్ప డ్యామ్ ఉంది. ఈ నదినే హగరి అని కూడా అంటారు. డ్యామ్ ఉన్నంత మాత్రాన నీళ్ళు ఉండాలని లేదు, పైన కర్ణాటకలో వాన పడితేనే కిందికి వస్తాయి. 2022లో చిత్రదుర్గం జిల్లాలోని వాణీవిలాస సాగరం 1933 తర్వాత మొదటిసారి పొర్లింది. ఆ ఏడాది వేదవతి పారుతుంటే చూడడానికి జనం పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని పోయారని మా అత్త చెప్పింది. ఏరు పారడం అక్కడ అంత పెద్ద సంగతి.

ఇంక తీరిక విషయం. మా మామ చిన్నప్పుడు సోమవారం ఎద్దులకు కాడి కట్టేవాళ్ళు కాదు. ఎంత పదునైన వాన పడినా సరే, సోమవారం బసవన్నది. కన్నడ వైపు పల్లెల్లోనూ ఈ ఆచారం ఉంది. గమనించండి, సెలవు ఎద్దుకే, మనిషికి కాదు. కానీ ఎద్దు కదలకపోతే గుంటక కదలదు, గొర్రు కదలదు. కాబట్టి ఎద్దుతో పాటు మనిషికీ కొంత ఊపిరి దొరికేది. ఏరువాక పున్నమికి అదే ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, ఊరంతా తిప్పి, ఆ తర్వాతే దుక్కి. కన్నడంలో దాన్నే కారహుణ్ణిమె అంటారు. ఏడాది పని మొదలయ్యేది పండుగతోనే.

వాన మీద పండే శెనక్కాయ పంట సుమారు నాలుగు నెలలు. చెట్టు పెరికి, కాయ కొట్టి, కట్టెను వామి వేశాక మెట్ట పొలంలో పని అయిపోయినట్టే. కార్తీకం, ధనుర్మాసం, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి అన్నీ ఆ తర్వాతే వస్తాయి. ధనుర్మాసంలో చలికి వణుకుతూ తెల్లవారుజామున వీధులన్నీ తిరిగే భజన, వేసవిలో జాతర, రాత్రంతా నాటకం, ఇవన్నీ ఆ ఖాళీలో అమరినవే. మనకు వీకెండ్ వారానికోసారి వస్తుంది. వాళ్ళకు ఏడాదిలో సగం వీకెండ్ లాంటిదే, కాకపోతే జీతం లేని వీకెండ్. కడుపు నిండని తీరికను గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ నెలల్లోనే బెంగళూరుకు కూలికి పోయినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళకు ఆ తీరిక కూడా దక్కలేదు.

నాటకం సంగతి చెప్పకుండా ఉండలేను. సీమలో ఊరి నాటకం అంటే ఎక్కువగా కురుక్షేత్రమే. హార్మోనియం మాస్టరు ఒకాయన వస్తాడు, నెలల తరబడి రాత్రిపూట నేర్పిస్తాడు. పద్యం రాగం తీసి పాడడం, గద పట్టుకుని నడవడం, అన్నీ. ఆడేవాళ్ళకు ఎవరూ డబ్బులివ్వరు, ఆడేవాళ్ళే పాత్రకు ఇంత అని వేసుకుంటారు. పెద్ద పాత్రకు పెద్ద వాటా. ఆ డబ్బుతోనే సీన్లు, డ్రెస్సులు, మైకు, మాస్టరుకు సంభావన. (తాడిపత్రిలో 1880లో పుట్టి నటనలో అంత పేరు తెచ్చుకున్న బళ్ళారి రాఘవ కూడా వృత్తికి వకీలే. ఈ గాలిలోనే ఆ పిచ్చి ఉందేమో.)

ఒక ఏడాది మా మామ కర్ణుడి వేషం ఒప్పుకున్నాడు. బోరు మోటారు కాలిపోయి రీవైండింగ్‌కు పెట్టుకున్న డబ్బు ఇంట్లో ఉంది. దాన్ని తీసుకుపోయి వాటా కట్టేశాడు. నాటకం రోజు ఊరంతా చప్పట్లు, ఈలలు, మెళ్ళో నోట్ల దండ. మా అత్త పది రోజులు మాట్లాడలేదు. నీళ్ళు లేక పెరట్లో వేసిన టమోటా వాడిపోయింది. ఆ నోట్ల దండలో ఉన్నవన్నీ పది రూపాయల నోట్లు.

ఎవరిది తప్పు? ఈ కథ చెప్పినప్పుడల్లా మామకు గొంతులో గర్వం వస్తుంది, అత్తకు కళ్ళలో కోపం వస్తుంది. నాకైతే అత్తదే న్యాయం అనిపిస్తుంది.

ఇక్కడ మనకు పాండురంగడి కథలు రెండు గుర్తుకు రావాలి. ఒకటి గోరా కుంభారుడిది. అక్కినేని 'చక్రధారి' సినిమా చూసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అడగండి, చెబుతారు. మట్టి తొక్కుతూ విఠల నామంలో మైమరచి, పాకుతూ వచ్చిన సొంత బిడ్డను చూసుకోకుండా అదే మట్టిలో తొక్కేస్తాడు. చివరికి స్వామి బిడ్డను బతికిస్తాడు, నిజమే. కానీ ఆ కథ విన్న ఏ తల్లికీ చివరి భాగం ముందుగా గుర్తుకు రాదు. రెండోది పుండరీకుడిది. తల్లిదండ్రుల సేవలో ఉండగా సాక్షాత్తూ స్వామే గుమ్మం ముందుకు వస్తే, పని కాలేదు, కాసేపు దీని మీద నిలబడు అని ఒక ఇటుక విసిరాడు. స్వామి నిలబడ్డాడు. పండరిపురంలో ఇప్పటికీ ఆ ఇటుక మీదే ఉన్నాడు.

ఒకే దేవుడి భక్తుల నోట ఈ రెండు కథలూ బతికాయి. భక్తి పేరు చెప్పి ఇంటిని మర్చిపోతే ఏం జరుగుతుందో ఒకటి దాచకుండా చెప్పింది. చేతిలో పని ఉన్నప్పుడు దేవుడైనా ఆగుతాడని ఇంకోటి చెప్పింది. మా మామ ఆ ఏడాది గోరా కుంభారుడి దారిలో పోయాడు, అంతే. టమోటా మళ్ళీ బతకలేదు.

అయితే దీన్ని పట్టుకుని "పనే దైవం, భజన ఎందుకు" అనేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను. మనిషి తన పనితోనే ఈశ్వరుణ్ణి పూజించవచ్చని గీత 18వ అధ్యాయంలో ఉన్న మాట నిజమే. ఆఫీసుల్లో అందరికీ ఇష్టమైన మాట కూడా అదే! కానీ అదే గీత 6వ అధ్యాయం 17వ శ్లోకం చూడండి. మితం ఉండాలని చెబుతూ స్వామి ఆహారాన్ని, విహారాన్ని, పనిని, నిద్రను, మెలకువను ఒకే వరుసలో పెట్టాడు. విహారం పని పూర్తయ్యాక మిగిలితే చేసేది అనలేదు. అన్నానికీ నిద్రకూ ఉన్న చోటే దానికీ ఇచ్చాడు. శంకరులు తమ భాష్యంలో ఈ విహారాన్ని అడుగులు వేయడం, నడక అనే అర్థంలో తీసుకున్నారు. భాష్యం చెప్పింది యోగి గురించి, నాకు తెలుసు. అయినా చెక్కభజనలో గురువు "అడుగు, అడుగు" అని అరుస్తుంటే నాకు అదే గుర్తుకొచ్చింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. కొన్నేళ్ళ తర్వాత మామ రెండో బోరు వేయించాడు. ఆరువందల అడుగులు పోయింది, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మొదటి బోరు అప్పే తీరలేదు. శనివారం భజనకు పోవడం మానేశాడు. సిగ్గు. ఎదురుపడిన ప్రతివాడూ "నీళ్ళు పడినాయా?" అని అడుగుతాడని. రెండు శనివారాలు అయ్యాయి. మూడో శనివారం భజన వాళ్ళు దేవళం దగ్గర మొదలుపెట్టలేదు. చెక్కలు, మద్దెల పట్టుకుని నేరుగా మామ ఇంటి ముందుకు వచ్చారు. ఎవరూ బోరు మాట ఎత్తలేదు. గురువు మాత్రం "నీ అడుగు ఖాళీగా ఉండాదప్పా, వరస కుదర్లేదు" అన్నాడట.

అప్పు తీరలేదు. ఆ వేసవిలో ఎద్దుల జతను అమ్మేశాడు. భజన వల్ల బోరులో నీళ్ళు వచ్చాయని నేను మీకు చెప్పను, అలాంటి వీడియోలు మన ఛానల్‌లో ఎప్పుడూ రావు. కానీ అప్పుల పాలై, ఎవరికీ చెప్పుకోక ప్రాణాలు తీసుకున్న రైతులు ఉన్న జిల్లా ఇది. అక్కడ ఒక మనిషి రెండు వారాలు కనబడకపోతే మూడో వారానికి పదిమందికి తెలిసిపోవడం చిన్న విషయం కాదు. బ్యాంకుకు ఆయన కట్టని వాయిదా తెలుసు. ఆయన రాని అడుగు తెలిసింది భజనకే.

మరి అందరి అడుగూ లెక్కలో ఉండేదా? లేదు. మామ భజనకు పోయిన రాత్రులన్నీ పశువులకు మేత వేసింది, పొద్దున్నే పాలు పిండింది, సంగటి కెలికింది అత్త. ఇంట్లో ఒకరి తీరిక ఇంకొకరి వీపు మీద నిలబడి ఉండేది. ఇప్పుడు కొంచెం మారింది. ఊళ్ళో ఆడవాళ్ళు కోలాటం జట్టు కట్టారు. టీటీడీ దాస సాహిత్య ప్రాజెక్టు మెట్లోత్సవానికి పల్లెల నుంచి భజన మండళ్ళు తిరుపతికి పోతాయి కదా, ఒకసారి వీళ్ళూ పోయొచ్చారు. అలిపిరి మెట్ల మీద పాడుకుంటూ ఎక్కిన ఆ రోజు గురించి అత్త చెప్పినంత సంతోషంగా ఇంకే రోజు గురించీ చెప్పదు. ఆ రోజు ఇంట్లో పాలు పిండింది మామ. రెండు లీటర్లు తక్కువ వచ్చాయట, ఆవు కొత్త చెయ్యి ఒప్పుకోలేదు.

ఇంకొక సంగతి. అనంతపురం వైపు జాతరలో ఉరుములు వాయించే కళాకారులను చూసే ఉంటారు. ఆ వాద్యం తరతరాలుగా మాలల చేతుల్లో ఉంది. ఊరికి అది పండుగ, వాళ్ళకు అది చేసి తీరవలసిన పని. వాయించిన చేతికి గుడి లోపల చోటు దొరకని రోజులు ఈ దేశంలో చాలా ఉన్నాయి. ఊరంతా ఒక్కటై ఆడేది అని మనం వీడియోలో చెప్పేటప్పుడు ఆ "ఊరంతా"లో ఎవరు లేరో కూడా చూసుకోవాలి. పోయిన వీడియోలో నేను చూసుకోలేదు.

తమ్ముడి ప్రశ్నకు వస్తాను. విచిత్రం ఏమిటంటే, ఊళ్ళో తీరిక తగ్గింది కరువు వల్ల కాదు, నీళ్ళ వల్ల. బోరు పడిన రైతుకు ఏడాది పొడుగునా పని. ఉచిత కరెంటు 2004 నుంచి ఉంది గానీ త్రీ ఫేజ్ ఎప్పుడు వస్తే అప్పుడే నీళ్ళు. చాలా ఏళ్ళు అది రాత్రిపూట వచ్చేది, ఒకరికి ఈ వారం, ఇంకొకరికి ఆ వారం. పాము ఉందో తేలు ఉందో తెలియని గట్టు మీద టార్చి పట్టుకుని పోయేవాళ్ళు. తర్వాత పగలే తొమ్మిది గంటలు అన్నారు, కొంత నయం. పాడి పెట్టుకున్నవాళ్ళకు రోజుకు రెండు పూటలా పాల కేంద్రం, దానికి ఏకాదశీ లేదు, పున్నమీ లేదు. ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది, దానికి సోమవారం లేదు. గంటకు ఇంత అని బాడుగ, వాన పడిన రోజు దొరికితే అర్ధరాత్రయినా దున్నించుకోవలసిందే.

కలిపి చూస్తే ఒక్కొక్కరికి కాస్తో కూస్తో ఖాళీ ఉంది. ఒకరికి మధ్యాహ్నం, ఒకరికి తెల్లవారుజామున, ఒకరికి గురువారం. కానీ పన్నెండు మందికి ఒకే గంట ఖాళీ దొరకడం లేదు. చెక్కభజన ఒక్కడు చేసేది కాదు. తమ్ముడూ, నీకు వారానికి రెండు రోజులు ఉన్నా గిటార్ ఎందుకు ముట్టుకోలేదో నాకు తెలియదు. కానీ ఒకటి అడుగుతాను. నువ్వు ముట్టుకోలేదని గమనించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మీరు వీడియోలో చూసిన రాత్రి కూడా అంత సులువుగా కుదరలేదు. వేసవి కాబట్టి పైరు తక్కువ, అయినా ముగ్గురికి మోటారు డ్యూటీ. గురువు ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఎప్పుడు కరెంటో అడిగి, ఎనిమిదిన్నర అని తేల్చాడు. మా మామ ఇప్పుడు మోటారుకు ఫోన్‌తో పనిచేసే స్టార్టర్ పెట్టించుకున్నాడు. మంచి ఊపు మీద ఉండగా జేబులో ఫోన్ మోగింది, ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేశాం. మామ వరసలోంచి పక్కకు వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని బటన్ నొక్కాడు. మిగతావాళ్ళు తిరుగుతూనే ఉన్నారు, ఆయన చోటు మాత్రం ఎవరూ మూయలేదు. తర్వాతి చుట్టులో ఆ ఖాళీ ఆయన ముందుకు రాగానే, అడుగు కలిపి లోపలికి పోయాడు.